రోజా ఇంటి లోడు

మెయిన్ దించకముందే పరమేశ్వర్ ఒక అబద్ధం చెప్పాల్సి వచ్చింది.

"ఏం పెడుతున్నరన్నా గిది?" అంది రోజా, అతను ఎక్కిన స్టూలు కదలకుండా పట్టుకుని.

"బిల్లు తక్కువ రావాలని చెల్లె. ఇంట్ల ఏది ఎంత కరెంటు గుంజుతుందో చూపిస్తది. మీ ఆయన పంపించిండు."

సగం నిజమే. ఆమె భర్త రంజిత్ మస్కట్‌లో ఉంటాడు. వస్తువు ఆన్‌లైన్‌లో కొని, నిజామాబాద్‌లో ఉన్న పరమేశ్వర్ అడ్రసుకు పంపించాడు. "ఆమెకు బిల్లు కోసమని చెప్పన్నా. మిగతాది నేను తర్వాత చెప్త" అన్నాడు ఫోన్లో. మిగతాది ఏమిటని పరమేశ్వర్ అడగలేదు. ముప్పై ఏళ్లుగా ఇళ్లకు వైరింగ్ చేస్తున్నాడు. ఇంటివాళ్ల గొడవలు గోడలో పోయిన పైపుల్లాంటివి. ఉన్నాయని తెలుస్తూనే ఉంటుంది, తవ్వకూడదు.

బోధన్‌లో షక్కర్‌నగర్ వెనక కొత్తగా లేచిన వీధి అది. రెండు గదుల స్లాబు ఇల్లు. మెయిన్ దించి, టెస్టర్ పెట్టి చూశాడు. టెస్టర్‌ను నమ్మక టెస్ట్ ల్యాంపు కూడా పెట్టి చూశాడు. మెయిన్ కింద అంతా చచ్చింది. మెయిన్ పైన, మీటరు నుంచి వచ్చే రెండు తీగల్లో మాత్రం ప్రాణం అట్లాగే ఉంది. వాటి జోలికి పోకుండా, కింది ఎర్ర తీగను వేలితో కొంచెం ముందుకు లాగాడు. నల్లటి రింగు దవడలా తెరుచుకుంది. దాని మీది బాణం గుర్తు ఇంటివైపు చూసేలా తిప్పి, ఆ తీగ చుట్టూ మూశాడు. టక్.

తీగ తెంపలేదు, చర్మం ఒలవలేదు. ఇక ఆ తీగలో ఎంత కరెంటు పారినా రింగుకు తెలిసిపోతుంది. రింగుకు తెలిసింది సన్నటి జంట తీగ మీదుగా సబ్బుపెట్టెంత తెల్ల డబ్బాకు చేరుతుంది. అక్కడినుంచి వైఫై మీద, ఎంత దూరంలో ఉన్న ఫోనుకైనా.

"రెండో తీగకు కూడ వెయ్యరా?" అంది రోజా.

"రెండూ కలిపి పడితే సున్నా చూపిస్తది చెల్లె. పోయేది, వచ్చేది ఒకదానికొకటి కొట్టేస్తయి."

"ఓహో."

తెల్ల డబ్బాకు ఆరు ఆంపియర్ల ఎంసీబీ నుంచి సప్లై ఇచ్చి, తీగలన్నీ సర్ది, మూత బిగించి మెయిన్ ఎత్తాడు. ఫోన్లో గీత మొలిచింది. సరిగ్గా పనిచేస్తుందో లేదో చూడాలి కాబట్టి యాప్ తన ఫోన్లోనే పెట్టాడు. రంజిత్‌కు కూడా అందులోంచే దారి ఇచ్చాడు.

"అన్నీ ఒక్క గీతలనే వస్తయి కద. ఏది ఏందో ఎట్ల తెలుస్తదన్నా?"

పరమేశ్వర్ స్టూలు దిగాడు. ఈ మధ్య అతని పని గురించి ఎవరూ ఏమీ అడగలేదు. ఎంత అవుతుంది, ఎప్పుడైతుంది... అంతే.

"నువ్వు ఫ్రిజ్ తలుపు తెరువు. కొంచెమాగు. గో, చూడు. చిన్న గుట్ట లేచిందా? అర్ధగంటకోసారి లేస్తది, పంటది. గది ఫ్రిజ్. ఇగ మోటరెయ్యి."

ఆమె మోటరు వేసింది. గీత నిట్టనిలువుగా ఎగిరి, సగానికి జారి నిలబడింది.

"మోటరు లేసేటప్పుడు ఒక్క తన్ను తంతది. మిక్సీ అట్ల కాదు, ఎగుడు దిగుడు రంపం పండ్ల లెక్క ఉంటది. ఇస్త్రిపెట్టె వేడెక్కంగనే బందై, చల్లారంగనే మళ్ల అందుకుంటది. మెట్లు మెట్లుగ కనిపిస్తది. నీళ్లు కాగబెట్టే రాడ్ ఉన్నదా? దాంది బల్లపరుపు. మనిషి తీస్తే తప్ప ఆగదు."

ఒక్కొక్కటే వేయించాడు, ఆర్పించాడు. రోజా పాత క్యాలెండర్ కాగితం వెనక రాసుకుంది. మంచి అమ్మాయి, బిల్లు మీద శ్రద్ధ ఉంది అనుకున్నాడు.

గోడ అవతల అరుగు మీద, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతున్న ముసలామె మెడ చాపి చూసింది. ఆమె పేరు గంగుబాయి.

"ఏందిరా కొడుకా, ఇంటికి బీపీ సూస్తున్నవా?"

"ఔ అవ్వా. మంచిగనే ఉన్నది."

"నాకూ సూడు. ముప్పై ఏండ్ల సంది కూసునే ఉన్న."

ముగ్గురూ నవ్వారు. రోజా చాయ్ ఇచ్చింది. ఇంకొకరి ఇంట్లో కూర్చుని చాయ్ తాగి ఎన్నాళ్లయిందో లెక్కపెట్టబోయి, పరమేశ్వర్ మానుకున్నాడు.

*

మిగతాది ఆ సాయంత్రం ఏడింటికి తెలిసింది.

"వర్ని రోడ్డుల ఆడోళ్ల సంఘానిది పసుపు మిల్లు ఉన్నదన్నా" అన్నాడు రంజిత్. "రోజా అండ్ల మిషిన్ నడిపేది. నీ పెండ్లాం స్టార్టర్లు గుద్దుతున్నదట గదరా అని మావోళ్లు ఇక్కడ క్యాంపుల కూడ నవ్వవట్టిరి. బంద్ చెయ్యమన్న. చేసిన అంటుంది. నాకు నమ్మకం లేదు."

పరమేశ్వర్ ఫోను రెండో చెవికి మార్చుకున్నాడు.

"పొద్దుగాల తొమ్మిది నుంచి అయిదు దాక ఇంట్ల ఏదో ఒకటి నడవాలె కద. నడవకుంటే ఆమె ఇంట్ల లేనట్టు. ఒక్కనాడు దొరికినా సాలు. మా అన్న పోయి ఇంటికి తాళమేస్తడు, ఆమెను ధర్పల్లికి తోలుకపోతడు. ఇగ మా వదినె కండ్ల ముందల్నే ఉంటది."

"మరి నాతోని ఏం పని తమ్మీ?"

"డ్యూటీల ఫోను ముట్టనియ్యరు. రాత్రి వీడియో చేస్తే ఇంట్లనే ఉంటది. పగటి సంగతే నాకు కావాలె. గీతలు కనిపిస్తున్నయి గాని ఏది ఏందో నాకేం తెలుస్తది? దినాం గీ యాళ్లకు నేను చేస్త. నువ్వు చూసి చెప్పు."

వద్దనాలి. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఎదురుగా కర్రీ పాయింట్ నుంచి తెచ్చిన ప్లాస్టిక్ కవరులో పప్పు చల్లారుతోంది. వంటగదిలో లైటు కూడా వేయలేదు. దినాం ఏడింటికి ఒక ఫోన్ వస్తుంది.

"సరే తమ్మీ" అన్నాడు.

మరుసటి రోజు ఉదయం పూలాంగ్‌లో ఫ్యాను బిగిస్తూ ఒకసారి చూశాడు. మధ్యాహ్నానికి ఏడెనిమిది సార్లయింది. మూడో రోజుకు ఫోను చొక్కా జేబులో కాక చేతిలోనే ఉండసాగింది.

పొద్దున అయిదూ నలభైకి మోటరు తన్ను. ఆరున్నరకు మిక్సీ పండ్లు. పది దాటాక ఇస్త్రిపెట్టె మెట్లు. పదకొండు దాటాక రాడ్, పావుగంట. పన్నెండున్నర ప్రాంతంలో మళ్లీ మిక్సీ. మూడింటికి మోటరు. వీటన్నిటి కిందా ఫ్రిజ్, నిద్రపోతున్న మనిషి ఛాతీలా లేస్తూ, పడుతూ.

ఎక్కడ పనిలో ఉన్నా పన్నెండున్నర మిక్సీ కోసం ఆగడం అలవాటైంది. అది తిరగగానే టిఫిన్ డబ్బా మూత తీసేవాడు. ఒకరోజు అది ఒంటిగంటైనా తిరగలేదు. "ఇయ్యాల లేటాయె గదనే" అన్నాడు పైకే. ఇంటివాళ్లు తిరిగి చూశారు. కటింగ్ ప్లేయర్ కోసం వెతుకుతున్నట్టు సంచిలో తల దూర్చాడు.

ఒక్క సంగతి మాత్రం కొంచెం వింతగా ఉండేది. పనికీ పనికీ మధ్య ఎడం గడియారం ప్రకారం ఉండదు. అట్లని ఇష్టం వచ్చినట్టూ ఉండదు. ఒకరోజు అన్నీ కొంచెం ముందు, ఇంకోరోజు అన్నీ కొంచెం వెనక. ఎవరో తాడు పట్టి లాగుతున్నట్టు అన్నీ కలిసే జరిగేవి. ఒద్దికైన మనిషి అనుకున్నాడు.

సాయంత్రం ఏడింటికి చెప్పేవాడు. "ఇంట్లనే ఉన్నది తమ్మీ. పది దాటినంక బట్టలు ఇస్త్రి చేసింది. పగటీలి చట్నీయో ఏందో రుబ్బింది."

"పక్కానా?"

"నా సర్వీసుల గీత తప్పు చెప్పలేదు."

చెప్పి పెట్టేశాక తింటూ ఉంటే, చెల్లెలి కబుర్లు బావకు చెప్పిన అన్నలా ఉండేది. కాదని తెలుసు. అయినా ఉండేది.

*

మంగళవారం వినాయక్‌నగర్‌లో, కడుతున్న ఇంట్లో పైపులు వేస్తున్నాడు. గోడ గాడి కొట్టిన దుమ్ము కనురెప్పల మీద ఉంది. పన్నెండూ పదికి చేయి తుడుచుకుని ఫోను తీశాడు.

గీత బల్లపరుపుగా ఉంది.

పదకొండూ అయిదుకు లేచింది. లేచింది లేచినట్టే ఉంది. మెట్లు లేవు, పండ్లు లేవు. రాడ్. గంట దాటింది.

బకెట్ నీళ్లు ఈపాటికి సలసలా కాగి ఇంకుతుంటాయి. నీళ్లు రాడ్ చుట్ట కిందికి దిగితే బకెట్ అంటుకుంటుంది. బకెట్ పక్కన బట్టలు, బట్టల పక్కన తలుపు పరదా. రోజాకు చేశాడు. మోగి మోగి ఆగింది. మళ్లీ చేశాడు. ఎత్తలేదు.

బాత్‌రూములో పడిపోయిందా? తడి చేత్తో బకెట్ ముట్టుకుందా?

రంజిత్ నంబరు మీద వేలు ఆగింది. రంజిత్‌కు చెబితే వాళ్లన్నకు చెబుతాడు. ధర్పల్లి నుంచి ఆయన వచ్చేసరికి రెండు గంటలు. వచ్చాక... ఆ ఆలోచన పూర్తి చేయకుండానే బండి కిక్ కొట్టాడు.

అర్సపల్లి దాటాడు. సారంగాపూర్ దాటాక పసుపు బస్తాల లారీలు మార్కెట్ యార్డు వైపు ఎదురొస్తున్నాయి. జానకంపేట దగ్గర చెరుకు ట్రాక్టరు రోడ్డుకు అడ్డంగా తిరుగుతూ ఇరుక్కుంది. డ్రైవరు దిగి బీడీ ముట్టించాడు. "జర జరగనియ్యి పటేలా, ఇల్లు కాలుతుంది" అని అరిచి, మట్టిలోకి దింపి, గడలు మొహానికి గీసుకుంటుండగా పక్కనుంచి పోనిచ్చాడు. ఎడపల్లిలో బండి ఆపకుండానే ఒకసారి చూశాడు. బల్లపరుపు.

రోజా ఇంటికి తాళం వేసి ఉంది.

బయటి నుంచి తాళం. లోపల ప్లాస్టిక్ మాడుతున్న వాసన. "రోజా! చెల్లె!" అని తలుపు బాదాడు. గంగుబాయి అరుగు మీద చాట లేదు, మనిషి లేదు. మీటరు వాకిలి పక్కనే గోడకు ఉంది. చెప్పులున్న కాళ్లతో అరుగెక్కి, కట్టర్ పట్టుకునే చేతికి రబ్బరు గ్లౌజు తొడిగి, మీటరు పక్కన కటౌట్ డబ్బాలోంచి ఫీజు పెరికేశాడు.

చేతిలోని ఫోన్లో గీత తెగిపోయింది.

అప్పుడు వీధి మలుపులో గంగుబాయి కనిపించింది. చంకలో ఖాళీ బుట్ట, పరుగులాంటి నడక.

"అయ్యో, నా తెలివి మన్నుగాను! రాడ్ మర్సిన కొడుకా, రాడ్!"

కొంగు చివర ముడి విప్పి తాళంచెవి తీసింది. పరమేశ్వర్ అది అందుకుని తాళం తీశాడు. బాత్‌రూము నిండా ఆవిరి. సగం బకెట్ నీళ్లలో ఇంకా కొన్ని మిగిలే ఉన్నాయి. పైఅంచు మాత్రం మెత్తబడి, రాడ్ వేలాడిన చోట పెదవిలా కిందికి వంగింది. అంతకుమించి ఏమీ కాలేదు. పరమేశ్వర్ రాడ్ ప్లగ్గు పీకి, గడప మీద కూర్చున్నాడు.

"రోజా ఏది అవ్వా?"

గంగుబాయి తాళంచెవిని మళ్లీ కొంగుకు ముడేసుకుంది. తర్వాత, చెప్పకపోయినా తెలిసిపోయిందని ఆమెకే అనిపించినట్టుంది.

"యాడుంటది? మిల్లుల."

"ఎన్ని దినాల సంది?"

"మానితే గద, ఎన్ని దినాలని లెక్క? ఆదివారం తప్ప దినాం పోతది. పొద్దుగాల ఇంటి పని చేసుకుని పోతది. అటెన్క గీ మీటలన్నీ నేనే."

వంటగది తలుపు వెనక ఇంకో క్యాలెండర్ కాగితం అతికించి ఉంది. అక్షరాలు లేవు. ఇస్త్రిపెట్టె బొమ్మ, పక్కన మూడు గీతలు. బకెట్ బొమ్మ, అయిదు గీతలు. మిక్సీ బొమ్మ, ఎనిమిది. మోటరు బొమ్మ, పద్నాలుగు.

"నాకు గడియారం సూసుడు రాదు కొడుకా. బీడీ కట్టల లెక్క వస్తది. మూడు కట్టలు సుట్టినంక ఇస్త్రిపెట్టె. అయిదైతే రాడ్. అటెన్క సగం కట్ట సుట్టి తీసేసుడు. ఇయ్యాల రాడ్ పెట్టి, రేపటి ఆకు తెచ్చుకుందామని బీడీల కార్ఖానకు ఉరికిన. బీడీలు చెక్ చేసే గా చెక్కరోడు నిన్నటి కట్టలు విప్పి, మూతులు మంచిగ మల్వలేదని మళ్ల సుట్టుమని ఆడ్నే కూసోబెట్టె. ఆని బీడీలల్ల పడి ఈ బకెట్ యాదికి రాలే."

ఒకరోజు అన్నీ ముందు, ఒకరోజు అన్నీ వెనక. ఆకు మెత్తగా ఉన్నరోజు చేయి తొందరగా ఆడింది. ఎండిన ఆకు వచ్చినరోజు ఆగి ఆగి ఆడింది. అతను చదివిన ఒద్దిక, ఆమె వేళ్లది.

"పన్నెండున్నర మిక్సీ కూడ నువ్వేనా అవ్వా?"

"నేనే."

"అండ్ల ఏం ఏసేదానివి?"

"ఏమున్నది ఎయ్యనీకె? ఉత్తదే తిప్పేది. గా సప్పుడంటే నాకు బుగులు, చెవులు మూసుకునేదాన్ని."

పరమేశ్వర్ గట్టు మీది మిక్సీ వైపు చూశాడు. ఎనిమిది రోజులు, ఖాళీ జారు తిరిగిన చప్పుడుతో అన్నం తిన్నాడు.

గంగుబాయి మిల్లుకు ఎవరి ఫోన్ నుంచో కబురు పంపింది. ఇరవై నిమిషాల్లో ఆటో ఆగింది. రోజా దిగింది. మోచేతుల దాకా పసుపు, ముక్కుకు కట్టుకున్న గుడ్డ మెడలోకి జారి ఉంది. బకెట్ చూసింది. గంగుబాయి భుజం నిమిరింది. ఆ తర్వాతే పరమేశ్వర్ వైపు తిరిగింది.

"ఇగ చేయండ్రి ఫోను."

"చెల్లె..."

"చెల్లె గిల్లె వద్దు. సాయంత్రం ఏడింటికి చేసుడేనాయె, గిప్పుడే చేయండ్రి. తాళమేసి ఉండె, ముసల్ది మీటలేస్తుండె అని చెప్పుండ్రి. మీ సర్వీసుల గీత తప్పు చెప్పలేదంట గద. ఆయన నాకు చెప్పిండు. పరమేశన్న పక్కా మనిషి అన్నడు."

"నీకు తెలుసా? మొదటి నుంచి?"

"మా మిల్లు ప్యానెల్‌ల పొద్దున్నే ఫేజు ఫేజుకు గిట్లనే తీగను పట్టే టంగ్ టెస్టర్ పెట్టి ఆంపియర్లు రాసేదే నేను. నాకు రింగు తెల్వదా? రెండో తీగకు వెయ్యరా అని అడిగింది, మీకు పని వస్తదా రాదా అని. వస్తదని తెలిసింది. అటెన్క మీరే అన్నీ చెప్పిన్రి. ఏ గీత ఎట్లుంటదో కూసోబెట్టి పిల్లకు చెప్పినట్టు చెప్పిన్రి."

ఆమె గొంతులో ఎగతాళి సగంలోనే ఆరిపోయింది. మెట్టు మీద కూర్చుంది.

"ఆ మిల్లుల ఇరవై ఎచ్‌పీ మోటరు నా చేతుల లేస్తది అన్నా. నేను వచ్చేదాక అందరు నిలబడి ఉంటరు. ధర్పల్లిల నేను ఏం చెయ్యాలె? మా తోడికోడలు కండ్ల ముందల కూసోవాల్నా?"

పరమేశ్వర్ జేబులో ఫోను మోగింది. రంజిత్. మస్కట్‌లో అన్నం బ్రేకు.

ముగ్గురూ ఆ ఫోనునే చూశారు. గంగుబాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రోజా లేచి నిలబడింది గాని, వద్దని మాత్రం అనలేదు. అతను స్పీకరు వేశాడు.

"అన్నా, ఏమైంది? గంటకు పైన ఒక్కటే లెక్క లోడు, తర్వాత మొత్తం సున్నా. మా అన్నను పోయి చూడుమందామా?"

కటౌట్‌లోంచి పెరికిన ఫీజు పరమేశ్వర్ ఎడమ చేతిలోనే ఉంది.

"వద్దు తమ్మీ. నేను ఇంటి ముందల్నే ఉన్న. రాడ్ పెట్టి, నెత్తి నొస్తుందని పండుకున్నదట. బకెట్ కాలే టైంకు నేను వచ్చి ఫీజు పెరికిన. రాడ్‌ది థర్మోస్టాట్ లేని మాలు, అది పడేపిస్త."

"రోజా ఇంట్లనే ఉన్నదా?"

"ఎదురుంగనే ఉన్నది."

"మంచిగున్నదా?" అన్నాడు రంజిత్, వేరే గొంతుతో.

"మంచిగున్నది."

ఫోను పెట్టేశాడు. పరమేశ్వర్ సంచి విప్పి స్క్రూడ్రైవర్ తీశాడు.

"అవ్వతోని కాదు చెల్లె. ఇంకో దినం ఇల్లే కాలుతది."

"మరి తీసేస్తే ఆయనకు తెల్వదా?"

"తీసేస్త అనలేదు." స్టూలెక్కి డీబీ బోర్డు మూత విప్పాడు. రింగు నొక్కి దవడ తెరిచాడు. ఎర్ర తీగ వదులైంది. "ఈ డబ్బాకు అది ఏ ఇల్లో తెల్వదు. దాని రింగుల ఏ తీగ ఉంటే గది చెప్తది."

రోజా అతన్ని చాలాసేపు చూసింది. మొట్టమొదటిసారి అతని పనిని కాక అతన్ని చూస్తున్నట్టు.

"మీ ఇంట్ల ఎవలెవలు ఉంటరన్నా?"

"నేనే."

*

సొంత ఇంటి డీబీ మూత తీసి పరమేశ్వర్ సిగ్గుపడ్డాడు. ఊరందరి తీగలు సర్దినవాడి తీగలు అవి. రింగు వేసి, తెల్ల డబ్బాకు తన వైఫై పేరు చెప్పి మెయిన్ ఎత్తాడు. గీత నేలకు అంటుకుపోయి ఉంది. ఒక ట్యూబులైటు, ఒక ఫ్యాను. ఇది కాపురం ఉన్న ఇల్లని ఎవరూ నమ్మరు.

ముందు ఫ్రిజ్ వేశాడు. పెట్టడానికి ఏమీ లేక ఎప్పుడో ఆపేసిన ఫ్రిజ్. ఖాళీగా ఎంతసేపని తిరుగుతుంది? కిరాణా షాపుకు వెళ్లి పెరుగు ప్యాకెట్, పచ్చిమిరపకాయలు, నాలుగు కోడిగుడ్లు తెచ్చాడు. పగలు పనికి వెళ్లినా లోడు నడవాలి కాబట్టి, ఇస్త్రిపెట్టెకు బదులు గోడకు మేకులేసి వంద వాట్ల బల్బులు మూడింటిని టైమరుతో మెట్లు మెట్లుగా వెలిగేలా కట్టాడు. మూడింటి మోటరుకూ టైమరే. బల్బులు కాలితే కాలేది బల్బులే. మిక్సీకి మాత్రం మనిషి కావాలి. పండ్లు టైమరుకు రావు. పన్నెండున్నరకు ఎక్కడున్నా ఇంటికి రావాలి.

మొదటి రోజే తప్పింది. అయిదూ నలభైకి మెలకువ రాలేదు. రోజా నుంచి మెసేజ్ వచ్చింది. "అన్నా మా ఆయన అడుగుతుండు. ఏడింటి దాక మోటరు లేదు, జరమొచ్చిందా అని. వచ్చిందన్న. రేపటి నుంచి మీరు జర లేవండ్రి."

అలారం పెట్టుకున్నాడు. లేచాక వేసిన మోటరు నీళ్లు వృథా పోకుండా వాకిలి కడిగాడు. ఎదురింటి సుమిత్రమ్మ తలుపు తెరిచి, కడిగిన వాకిలినీ అతన్నీ మార్చి మార్చి చూసింది. "ఎవలన్న సుట్టాలొచ్చిన్రా పరమేశ్వరూ?"

"లేదక్కా. ఊకెనే."

శుక్రవారం మస్కట్‌లో సెలవు. ఆరూ ఇరవై ఎనిమిదికి మిక్సీ మీట మీద వేలు పెట్టాడు. ఫోను మీద రోజా నుంచి ఒక్క మాట మెరిసింది. "వీడియో."

వేలు తీసేశాడు. అక్కడ బోధన్‌లో, చప్పుడు లేని వంటగదిలో రోజా భర్తకు మొహం చూపిస్తూ ఉంది. ఇక్కడ ఏదీ కదలకూడదు. ఎందుకో ఫ్యాను కూడా చూసుకున్నాడు. పొయ్యి దగ్గరే, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వేయించిన పల్లీల వాసన గది నిండా ఉంది. ఖాళీ జారు తిప్పడం తన వల్ల కాలేదు. రెండో రోజు నుంచే అందులో ఏదో ఒకటి వేస్తున్నాడు.

పద్దెనిమిది నిమిషాలకు ఇంకో మెసేజ్. "అయింది. ఇగ కానియ్యండ్రి."

మీట వేశాడు. పల్లీలు నలిగాయి. ఆపి మూత తీస్తుండగా ఫోను మోగింది.

"అన్నా, నువ్వు చెప్పకు, నేనే చెప్త" అన్నాడు రంజిత్. గొంతు తేలిగ్గా ఉంది. "గిప్పుడు ఆడింది మిక్సీ. ఔనా?"

"ఔ తమ్మీ. నేర్చుకున్నవ్."

"ఏం రుబ్బి ఉంటది?"

"ఎందుకు తమ్మీ?"

"ఊకెనే. ఇక్కడ క్యాంపుల దినాం పొద్దున ఎండు రొట్టె, పప్పు. ఒక రూముల పది మందిమి, గాని ఎవని ఫోను వానిదే. నేను గీ గీత ముందల పెట్టుకుని తింట. మిక్సీ లేస్తే ఇంట్ల కూసున్నట్టుంటదన్నా."

వీడి మీద కోపం పెట్టుకోవాలి. పెట్టుకున్నాడు కూడా. తొమ్మిదింటికి ఆ అమ్మాయి ఆటో ఎక్కి, తల వంచుకుని, ముక్కుకు గుడ్డ కట్టుకుని మిల్లుకు పోవాల్సింది వీడి వల్లే. ఆ కోపం పోలేదు. దాని పక్కన ఇంకేదో వచ్చి కూర్చుంది.

"పల్లి చట్నీ అయ్యుంటది" అన్నాడు చివరికి.

వేలితో కొంచెం తీసి నాలుక మీద వేసుకున్నాడు. ఉప్పు చాలలేదు. ఫోను మ్యూట్ చేసి గట్టు మీద పెట్టాడు. ఒక చిటికెడు వేసి, మూత నొక్కి పట్టి, మిక్సీ మళ్లీ ఒక్కసారి తిప్పి ఆపాడు.

రెండు మూడు క్షణాలకు మస్కట్ నుంచి నవ్వు వినిపించింది.

"మళ్ల తిప్పింది చూడన్నా! ఉప్పు మర్సినట్టుంది. ఎప్పుడూ గంతే అది."

పరమేశ్వర్ మ్యూట్ తీశాడు.

"ఔ తమ్మీ" అన్నాడు. "ఇప్పుడు సరిపోయుంటది."